జమ ఒకరిది, ఖర్చు ఒకరిది, లెక్క మరొకరిది



మనం వార్తల్లో తరచూ వినే మాట ఒకటుంది. "గ్రామ పంచాయతీలకు కేంద్రం ఇన్ని కోట్ల రూపాయలు విడుదల చేసింది." చదివే గొంతు మారుతుంది, కోట్లు మారతాయి, మిగతాదంతా అదే. ఇందులో కేంద్రం అంటే ఎవరు? ఆర్థిక మంత్రా? రిజర్వు బ్యాంకా? ఢిల్లీలో ఎవరు సంతకం పెడితే ఆ డబ్బు కదిలింది? ఊళ్లో సర్పంచిని అడిగితే "ఫిఫ్టీన్త్ ఫైనాన్స్ డబ్బులు పడ్డాయండీ" అంటాడు. ఆయన చెప్పిందే వార్తకంటే అసలు సంగతికి దగ్గర.

ఆ డబ్బు వచ్చే దారి చూడండి. రాజ్యాంగం 280వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఐదేళ్లకోసారి ఆర్థిక సంఘాన్ని నియమిస్తారు. ఎన్.కె.సింగ్ అధ్యక్షుడిగా ఉన్న పదిహేనో సంఘం, 2021 నుంచి 2026 వరకు ఐదేళ్లలో గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు ఇమ్మంది. సంఘం ఇమ్మని చెప్పగలదు కాని ఇవ్వలేదు. దాని చేతిలో పైసా ఉండదు. ఫలానా రాష్ట్రం షరతులన్నీ నెరవేర్చింది, ఇవ్వవచ్చు అని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ సిఫార్సు చేయాలి. అప్పుడు ఆర్థిక మంత్రిత్వ శాఖలో వ్యయ విభాగం అనే ఒక భాగం డబ్బు వదులుతుంది. ఆ డబ్బు రాష్ట్ర ఖజానాకు చేరాక పది పనిదినాల్లో పంచాయతీలకు అందాలి. లేకపోతే ఆలస్యానికి రాష్ట్రమే వడ్డీ కట్టుకోవాలి. వచ్చిన నూరు రూపాయల్లో అరవై తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలన్నది పదిహేనో సంఘం షరతు. అన్నిటికీ ముందు అసలు పంచాయతీకి ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది, తిరిగి ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. ఆ మధ్యకాలంలో పంచాయతీల గ్రాంటు ఆగిపోవడానికి కారణం ఢిల్లీలో ఎవరి కోపమూ కాదు, ఈ షరతే.

ఒక్క పంచాయతీ డబ్బు వెనకాలే ఇంతమంది ఉన్నారు. ఎందుకింత తతంగం అని విసుగు పుట్టడం సహజం. నా మటుకు నాకు ఇందులో ఒక తెలివి కనబడుతుంది. తిరుమల పరకామణిలో హుండీ సొమ్ము లెక్కపెట్టేవారికి జేబుల్లేని పంచెలే ఉంటాయి. ఆ కూర్చున్నవారంతా దొంగలని కాదు కదా! డబ్బు దగ్గర మనిషి మంచితనాన్ని పరీక్షకు పెట్టకూడదన్న జాగ్రత్త అది. మన కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ నిర్మాణంలోనూ ఈ జాగ్రత్తే ఉంది. పన్ను వసూలు చేసేవారు ఖర్చుకు అనుమతి ఇవ్వరు. అనుమతి ఇచ్చేవారు చెక్కు రాయరు. చెక్కు రాసినవారి లెక్కను తనిఖీ చేసేవారు అసలు ఆ మంత్రిత్వ శాఖలోనే ఉండరు. ఈ గోడలు గట్టిగా ఉన్నచోట పనులు కాస్త నిదానంగానైనా సరిగ్గా జరిగాయి, పలచబడ్డచోట దేశం మూల్యం చెల్లించింది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ గోడల గురించే.

దశాబ్దాలపాటు ఆర్థిక శాఖ అంటే ఢిల్లీలో రైసినా కొండ మీది నార్త్ బ్లాకే. ఆ మంత్రిత్వ శాఖలో ఇప్పుడు ఆరు విభాగాలున్నాయి. ఆర్థిక వ్యవహారాలు, వ్యయం, రెవెన్యూ, ఆర్థిక సేవలు అన్నవి నాలుగు. ప్రభుత్వ కంపెనీల్లో వాటాలు చూసే దీపమ్ ఐదోది. ప్రభుత్వరంగ సంస్థల విభాగం ఆరోది. ఇది 2021లో భారీ పరిశ్రమల శాఖ నుంచి ఇటు మారింది. ఒక్కో విభాగానికి ఒక కార్యదర్శి. వీరిలో సీనియర్‌ను ఆర్థిక కార్యదర్శి అంటారు. ఈ హోదాతో గౌరవం పెరుగుతుందే తప్ప మిగతావారి ఫైళ్లు ఈయన దగ్గరికి రావు.

మీ ఇంట్లో ఎక్కడైనా ఒక రూపాయి నోటు దాచుకుని ఉంటే తీసి చూడండి. మిగతా నోట్ల మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం ఉంటుంది, చెల్లిస్తానన్న హామీ ఉంటుంది. రూపాయి నోటు మీద అవేవీ కనబడవు. పైన భారత ప్రభుత్వమని, కింద ఆర్థిక మంత్రిత్వ శాఖ కార్యదర్శి సంతకం. చట్టం దృష్టిలో అది ప్రభుత్వం సొంత డబ్బు, నాణెంతో సమానం. 1994లో దాని ముద్రణ ఆపేశారు, 2015లో మళ్లీ మొదలుపెట్టారు. ఈ వ్యవహారమంతా ఆర్థిక వ్యవహారాల విభాగానిది. నాణేలు ముద్రించే ప్రభుత్వ సంస్థ కూడా దీని కిందిదే. ఆ సంస్థకున్న నాలుగు టంకశాలల్లో ఒకటి హైదరాబాదులో ఉంది. నిజాం కాలంలో 1903 నుంచి సైఫాబాదులో నడిచి, 1997లో చర్లపల్లికి మారింది. చేతిలో ఉన్న నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదులో పుట్టిందని గుర్తు. సైఫాబాదు పాత టంకశాల ఇప్పుడు మ్యూజియం అయింది. నగరంలో ఉన్నవారు పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లిరండి.

నోట్ల మీద సంతకాలు వేరువేరుగా ఉన్నాయంటే వాటి వెనక రెండు సంస్థలూ వేరుగా ఉన్నాయని అనుకుంటాం. చాలాకాలం ఆ తేడా కాగితం మీదే ఉండిపోయింది. ఖజానాలో నగదు తగ్గినప్పుడల్లా ప్రభుత్వం అడ్‌హాక్ ట్రెజరీ బిల్లు అనే కాగితం రాసి రిజర్వు బ్యాంకుకు ఇచ్చేది. బ్యాంకు కాదనకుండా డబ్బు సృష్టించి ఇచ్చేది. తాత్కాలిక సర్దుబాటుగా మొదలైంది కాస్తా ఏళ్లు గడిచేకొద్దీ ఎడతెగని అప్పుగా మారింది. ఖర్చుచేసేవాడే నోట్లు కూడా వేసుకోగలిగితే ధరలు ఎక్కడ ఆగుతాయి? 1994 సెప్టెంబరులో ఆర్థిక శాఖకూ రిజర్వు బ్యాంకుకూ ఈ పద్ధతికి స్వస్తి చెప్పాలని ఒప్పందం కుదిరింది. 1997 నుంచి అడ్‌హాక్ బిల్లులు పోయి, పరిమితి ఉన్న చేబదులు మాత్రమే మిగిలింది. ఆ ఒప్పందం నాటి ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్. రిజర్వు బ్యాంకు గవర్నరు సి.రంగరాజన్. తర్వాతి కాలంలో ఆయన ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాదు రాజ్‌భవన్‌లో ఐదేళ్లు ఉన్నారు. పొద్దున్నే పేపర్లో ఆయన ప్రారంభోత్సవాల ఫొటోలు చూసిన మనలో ఎందరికి ఈ సంగతి తెలుసు? నన్నడిగితే 1991 సంస్కరణల గురించి చెప్పుకున్నంతగా ఈ ఒప్పందం గురించి చెప్పుకోకపోవడం అన్యాయం.

ఈ గోడకు రెండు వైపులా కూర్చున్న తెలుగువాడు దువ్వూరి సుబ్బారావు. 2007లో ఆర్థిక కార్యదర్శి, 2008లో రిజర్వు బ్యాంకు గవర్నరు. వడ్డీరేట్లు తగ్గించమని ఒత్తిడి చేసే ఆఫీసు నుంచి, ఆ ఒత్తిడిని తట్టుకోవలసిన ఆఫీసుకు వెళ్లారన్నమాట. గవర్నరుగా ఉన్నంతకాలం ఆయనకూ ఆర్థిక మంత్రులకూ మధ్య వడ్డీరేట్ల మీద నడిచిన పేచీ బహిరంగ రహస్యమే.

బడ్జెట్ తయారుచేసేదీ ఆర్థిక వ్యవహారాల విభాగమే. హల్వా వండటం, రహస్యం పొక్కకుండా ఉద్యోగుల్ని నేలమాళిగలో ఉంచి తాళం వేయడం అందరికీ తెలిసిన తంతు. జాన్ మథాయ్ ఆర్థిక మంత్రిగా ఉన్న 1950లో, రాష్ట్రపతి భవన్ ముద్రణాలయంలో అచ్చవుతుండగా బడ్జెట్ సంగతులు కొన్ని బయటికి పొక్కాయి. అందుకే ముద్రణను మింటో రోడ్డుకూ, 1980లో నార్త్ బ్లాక్ కిందికీ మార్చారు. ఇప్పుడు కాగితాలు అచ్చువేయడం దాదాపు ఆగిపోయినా హల్వా మాత్రం ఆగలేదు. ఫొటోకి బావుంటుంది, కానివ్వండి. బడ్జెట్ మాత్రం ఆ కడాయి దగ్గర తయారు కాదు. అంతకు మూడు నాలుగు నెలల ముందే, ఒక్కో మంత్రిత్వ శాఖ తన పద్దు పట్టుకుని వచ్చి బేరమాడే సమావేశాల్లో తయారవుతుంది. అడిగినదంతా ఇచ్చిన సంవత్సరం చరిత్రలో లేదు. ఇవ్వడానికి ఉంటే కదా! 2025-26 బడ్జెట్ అంచనా 50.65 లక్షల కోట్లు. అందులో 12.76 లక్షల కోట్లు పాత అప్పుల మీద వడ్డీకే. అంటే ప్రతి నాలుగు రూపాయల్లో ఒకటి ఎవరూ అడగకముందే ఖర్చయిపోయింది.

ఇక డబ్బు వచ్చే వైపు, అంటే రెవెన్యూ విభాగం. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చుతో ఖజానా ఖాళీ అయితే, లండన్ నుంచి జేమ్స్ విల్సన్ అనే పెద్దమనిషిని పంపారు. ఎకనామిస్ట్ పత్రిక స్థాపకుడాయన. 1860లో మన దేశానికి మొదటి బడ్జెట్ ఇచ్చి, ఆదాయపు పన్ను అంటించి, ఆ ఆగస్టులోనే కలకత్తాలో జబ్బుచేసి పోయారు. ఆయన పోయినా పన్ను పోలేదు. జులై 24న ఆదాయపు పన్ను దినం జరుపుకునేది ఆ సంవత్సరం జ్ఞాపకార్థమే. 1924లో పన్నులన్నిటికీ కలిపి ఒక కేంద్ర రెవెన్యూ బోర్డు ఏర్పాటయింది. పని పెరిగి 1964లో రెండయింది. ప్రత్యక్ష పన్నులకు ఒకటి, కస్టమ్స్, ఎక్సైజులకు ఒకటి. జీఎస్టీ వచ్చాక రెండోదాని పేరు మారింది. ఆ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ మన శ్రీ సత్యసాయి జిల్లా పాలసముద్రంలో ఉంది. 2024 జనవరిలో ప్రధాని ప్రారంభించారు.

జీఎస్టీ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. స్వతంత్ర భారతంలో కేంద్రమూ రాష్ట్రాలూ తమ పన్ను అధికారాన్ని ఒకచోట కలిపి పెట్టుకున్న ఏకైక సందర్భం ఇది. రేట్లు నిర్ణయించేది ఆర్థిక మంత్రిత్వ శాఖ కాదు, రాజ్యాంగం 279ఏ అధికరణం కింద ఏర్పడ్డ జీఎస్టీ మండలి. అందులో కేంద్రం ఓటు విలువ మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండు వంతులు. ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. లెక్క వేసి చూడండి. కేంద్రం కాదంటే రాష్ట్రాలన్నీ ఏకమైనా నెగ్గలేవు. అలాగని కేంద్రం ఒక్కటే అనుకున్నా కుదరదు. ఇంత తూకం వేసి ఓటింగు రాసుకున్నారు గాని, చాలాకాలం ఓటు దాకా పోకుండానే నెట్టుకొచ్చారు. మొదటిసారి ఓటు వేసింది 2019 డిసెంబరులో. ఏ మహత్తర సమస్య మీదో అనుకునేరు, లాటరీ టిక్కెట్ల మీద. రెవెన్యూ కార్యదర్శే ఈ మండలికీ కార్యదర్శి కావడం వల్ల, మండలి ముందుకొచ్చే కాగితాలు తయారయ్యేది కేంద్రం బల్ల మీదే. రాష్ట్రాల ఆర్థిక మంత్రులకు ఇది కొంత ఇబ్బందిగానే ఉంటుంది. మండలికి తనదైన స్వతంత్ర కార్యదర్శి ఉంటే మేలని నేననుకుంటాను.

రోజూ టీవీలో మోగే ఈడీ పేరు వినగానే అది హోం శాఖ పోలీసనుకుంటారు చాలామంది. అది రెవెన్యూ విభాగం కిందిది. 1956లో విదేశీ మారకద్రవ్య నిబంధనలు మీరినవారిని పట్టుకోవడానికి చిన్న యూనిట్‌గా, ఆర్థిక వ్యవహారాల విభాగంలో పుట్టింది. 1960లో రెవెన్యూకు మారింది. 2005లో మనీ లాండరింగ్ చట్టం అమల్లోకి వచ్చేదాకా దాని పేరు వ్యాపారులకు తప్ప తెలియదు. డాలర్ల లెక్క చూడటానికి పెట్టిన ఆఫీసు చేతికి మనీ లాండరింగ్ కేసుల్లో అరెస్టు చేసే అధికారం వచ్చాక స్వరూపమే మారిపోయింది. పన్నులు వసూలు చేసే విభాగం కింద ఇంత పెద్ద నేర పరిశోధన సంస్థ ఉండటం సబబా అన్న ప్రశ్నకు పార్లమెంటులో తీరిగ్గా చర్చ జరగవలసి ఉంది.

ఇంకో విచిత్రం చెప్పి ముందుకు వెళ్తాను. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో గసగసాల మొక్క నుంచి నల్లమందు తీసే రైతులకు లైసెన్సు ఇచ్చేది ఆర్థిక మంత్రిత్వ శాఖే! గ్వాలియర్‌లో ఉన్న కేంద్ర నార్కోటిక్స్ బ్యూరో ఆ పని చూస్తుంది. ఆ నల్లమందును మందులకోసం శుద్ధిచేసే ఫ్యాక్టరీలు నీమచ్‌లో, ఘాజీపూర్‌లో ఉన్నాయి. కంపెనీ దొరల కాలంలో నల్లమందు అంటే ఆదాయం, కనుక రెవెన్యూ. కాలం మారి అది ఆసుపత్రి సరుకైనా ఫైలు మాత్రం పాత బీరువాలోనే ఉండిపోయింది.

వసూలైన పన్నులో రాష్ట్రాల వాటా ఎంతో తేల్చేది మళ్లీ ఆర్థిక సంఘమే. మన పెద్దలకు దీనితో గట్టి బంధం ఉంది. మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి ఆరో సంఘానికి అధ్యక్షుడు. రాష్ట్ర ఆర్థిక శాఖలో తలపండిన బి.పి.ఆర్.విఠల్ పదో సంఘంలో సభ్యుడు. కడప జిల్లాలో పుట్టిన వై.వి.రెడ్డి పద్నాలుగో సంఘానికి అధ్యక్షుడు. ఆయన సంఘం రాష్ట్రాల వాటాను 32 శాతం నుంచి ఒక్కసారిగా 42 శాతానికి పెంచింది. పదిహేనో సంఘం జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం కావడంతో దాన్ని 41 చేసింది. ఇంత స్పష్టంగా శాతం రాసినా రాష్ట్రాలు ఎందుకు గగ్గోలు పెడతాయంటే, ఈ శాతం పంచుకునే పన్నులకే వర్తిస్తుంది. సెస్సులు, సర్‌చార్జీలు అందులోకి రావు. వాటిలో రాష్ట్రానికి ఒక్క రూపాయి హక్కు లేదు. పెట్రోలు మీద కేంద్రం వేసేదాంట్లో పెద్ద భాగం సెస్సులు, సర్‌చార్జీలే. రాజ్యాంగం ప్రకారం ఇది తప్పు కాదు. కానీ వాటా పెంచిన చేతితోనే వాటాకు అందని పన్నులు పెంచుకుంటూపోతే సంఘం వేసి ఏం లాభం? కేంద్రంలో ఏ పార్టీ ఉన్నా ఈ సంగతిలో మార్పు లేదు.

ఇప్పుడు మొదట చెప్పుకున్న వ్యయ విభాగానికి వద్దాం. ఆరింటిలోనూ ఎవరికీ పట్టనిది ఇదే, అన్నిటికంటే బలమైనదీ ఇదే. బడ్జెట్లో పద్దు పడ్డంత మాత్రాన ఏ శాఖా ఖర్చుపెట్టలేదు. పెద్ద పథకమైతే వ్యయ కార్యదర్శి అధ్యక్షతన కూర్చునే కమిటీ దాన్ని గీసి గీసి చూస్తుంది. కొత్త పోస్టు మంజూరు కావాలన్నా ఈ విభాగం సరేననాలి. వేతన సంఘం సిఫార్సులు ఏవి నెగ్గాలి, ఏవి ఆగాలి అన్నదీ ఇక్కడే తేలుతుంది. ప్రతి మంత్రిత్వ శాఖలోనూ ఒక ఆర్థిక సలహాదారు ఉంటాడు. కూర్చునేది ఆ శాఖలో. జవాబు చెప్పుకోవలసింది ఆ శాఖ కార్యదర్శికీ, వ్యయ విభాగానికీ. పాపం, ఇద్దరు అత్తల కోడలు బతుకు. కాగితం ఆపితే సొంత శాఖకు శత్రువు, వదిలితే ఆర్థిక శాఖకు అనుమానం. ఈ ఉద్యోగంలో మంచిపేరు తెచ్చుకున్నవారంటే నాకు అపారమైన గౌరవం.

మార్చి నెల వచ్చిందంటే ప్రభుత్వ ఆఫీసుల్లో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. మిగిలిన డబ్బు మురిగిపోతుందని కుర్చీలు, కంప్యూటర్లు, రోడ్ల బిల్లులు ఒక్కుమ్మడిగా పుట్టుకొస్తాయి. దీన్ని అరికట్టడానికి, చివరి మూడు నెలల్లో బడ్జెట్లో 33 శాతానికీ, ఒక్క మార్చిలో 15 శాతానికీ మించి ఖర్చు చేయవద్దని వ్యయ విభాగం షరతు పెట్టింది. ఇంకో దురలవాటు కూడా ఉండేది. ఢిల్లీ నుంచి వచ్చిన పథకాల డబ్బును రాష్ట్రాల సొసైటీలు, మిషన్లు బ్యాంకుల్లో వేసి నెలలతరబడి కూర్చునేవి. ఇటు కేంద్రం అప్పు తెచ్చి వడ్డీ కడుతుంటే, అటు అదే డబ్బు ఏదో ఖాతాలో నిద్రపోయేది. ఇప్పుడు పీఎఫ్ఎంఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఏ ఖాతాలో ఎంత ఉందో కనబడుతుంది. చెల్లింపు రోజునే డబ్బు కదిలే పద్ధతి వస్తోంది. రాష్ట్రాల ఆర్థిక శాఖలకు ఇది రుచించలేదు. చేతి కింద నాలుగు రోజులు ఆడే డబ్బు పోయింది కదా!

ఈ వ్యవస్థను నడిపేది కంట్రోలర్ జనరల్ ఆఫ్ అకౌంట్స్. ఈ ఆఫీసు పుట్టుక ఆసక్తికరం. 1976 వరకు కేంద్ర ప్రభుత్వ లెక్కలు రాసేదీ, వాటిని ఆడిట్ చేసేదీ కాగ్, అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, కింద పనిచేసే ఒకే శాఖ. తాను రాసిన లెక్కను తానే దిద్దుకోవడం అన్నమాట. ఆ ఏడాది రెంటినీ విడదీసి, రాసే పని మంత్రిత్వ శాఖలకు, తనిఖీ మాత్రం కాగ్‌కు ఉంచారు. రాష్ట్రాల్లో ఈ విభజన ఇంతగా జరగలేదు. అందుకే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు జీపీఎఫ్ స్లిప్పు కోసం, పెన్షన్ కాగితాల కోసం కాగ్ కింద ఉండే ఏజీ ఆఫీసు చుట్టూ తిరగడం మన ఇళ్లలో మామూలు మాట. జీతం ఇచ్చేది రాష్ట్రం, బిల్లు పాస్ చేసేది ట్రెజరీ, లెక్క మాత్రం కాగ్ మనుషులది.

ఆర్థిక సేవల విభాగం అంటే బ్యాంకులు, బీమా, పింఛను. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకును 1980లో జాతీయం చేశారు, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు. అంతకు మూడేళ్ల ముందు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ కూడా ఎస్‌బీఐలో కలిసింది. పేరైనా ఉంచమని ఆంధ్రాలో ఎంతో మొరపెట్టుకున్నారు. యజమాని అంటే ప్రభుత్వం, ప్రభుత్వం అంటే ఈ విభాగం. వారు వినలేదు. ఇక్కడ గోడ నిజంగా పలచన. యజమానిగా బ్యాంకు ఛైర్మన్లను నియమించేదీ వీరే, రుణమేళాలు పెట్టండి, ఖాతాలు తెరవండి అని లక్ష్యాలు ఇచ్చేదీ వీరే. తర్వాత మొండి బకాయిలు పేరుకుపోతే బడ్జెట్ నుంచి మూలధనం తెచ్చి పోసేదీ వీరే. నియంత్రించే రిజర్వు బ్యాంకుకు ప్రైవేటు బ్యాంకుల మీద ఉన్నంత పట్టు ప్రభుత్వ బ్యాంకుల మీద చట్టరీత్యానే లేదు. బీమా సంగతి కొంత నయం. దాని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఢిల్లీకి దూరంగా, 2001 నుంచి మన హైదరాబాదులోనే ఉంది.

దీపమ్ పేరు విశాఖ గాజువాకలో చెబితే ఉక్కు కార్మికులు ఇప్పటికీ ఉలిక్కిపడతారు. స్టీలు ప్లాంటు బాగోగులు చూడవలసింది ఉక్కు మంత్రిత్వ శాఖ. కాని 2021 జనవరిలో నూటికి నూరు శాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా ఆమోదం వచ్చాక, ఆ అమ్మకం పని దీపమ్‌ది. నాలుగేళ్లు ధర్నాలు, దీక్షలు నడిచాయి. 2025 జనవరిలో అదే కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చింది. అమ్మకం ప్రయత్నం ఒక విభాగానిది, ఆదుకునే డబ్బు అదే మంత్రిత్వ శాఖ పెట్టెలోంచి. ఒక మంత్రి కిందే రెండు తర్కాలు నడవడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ప్రభుత్వరంగ సంస్థల విభాగం మహారత్న, నవరత్న హోదాల పద్దు చూసుకుంటుంది. దానికి అంతకుమించి సమయం ఇవ్వనక్కర్లేదు.

చివరికి మిగిలింది తనిఖీ. కాగ్ ఆర్థిక మంత్రికి జవాబుదారీ కాదు. ఆయన నివేదిక రాష్ట్రపతి ద్వారా పార్లమెంటుకు, అక్కడి నుంచి ప్రజాపద్దుల సంఘానికి వెళ్తుంది. అందులో లోక్‌సభ నుంచి పదిహేనుమంది, రాజ్యసభ నుంచి ఏడుగురు. మంత్రులకు చోటు లేదు. 1967 నుంచి అధ్యక్షత ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. పార్లమెంటు ఓటేసిన పద్దుకు ఒక్క రూపాయి మించి ఖర్చయినా ఈ సంఘం విచారించి, మళ్లీ సభ ఆమోదించాలి. లేకపోతే ఆ ఖర్చు చట్టబద్ధం కాదు. తెలుగు రాష్ట్రాల శాసనసభల ముందుకు వచ్చే కాగ్ నివేదికల్లోనూ, ఏళ్లతరబడి ఇలా క్రమబద్ధం కాకుండా మిగిలిన అదనపు ఖర్చు సంగతి మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఢిల్లీలోనైతే కాగ్ ఎత్తిచూపిన ప్రతి పేరాకూ, ఏ శాఖదైతే ఆ శాఖ నాలుగు నెలల్లో ఏం చర్య తీసుకున్నదీ రాసివ్వాలి. ఎవరెన్ని జవాబులు బాకీ ఉన్నారో చూసే మానిటరింగ్ సెల్ మళ్లీ వ్యయ విభాగంలోనే ఉంది. ఆర్థిక శాఖ సొంత బాకీలు కూడా ఆ జాబితాలోనే ఉంటాయి.